ఇంటిని మోసే గాలి

మా అమ్మాయి వాళ్ళు టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటారు. ఆ మధ్య నేను వెళ్ళినప్పుడు అల్లుడు గారు ఒక సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ కొని ఇంటి ముందు నిలబెట్టారు. పికప్ వెనకాల తగిలించుకుని లాక్కుపోయే ఇల్లు అది. లోపల మంచాలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, నీళ్ళ ట్యాంకు అన్నీ ఉన్నాయి. బండ్లు ఓడలవుతాయి, ఓడలు బండ్లవుతాయి అంటారు గానీ, ఇల్లు బండి కావడం అంత దగ్గరగా చూసింది నేనప్పుడే. వీధిలో పిల్లలంతా లోపలికి దూరి మంచాలెక్కి గెంతుతున్నారు. నేను చక్రాల పక్కన గొంతుక్కూర్చున్నాను.

పన్నెండేళ్ళ మనవరాలు వచ్చి, "తాతయ్యా, లోపల ఇల్లంతా వదిలేసి టైర్లు చూస్తున్నావేంటి?" అంది.

"ఈ ఇల్లు దేని మీద నిలబడిందో చూస్తున్నానమ్మలూ."

"టైర్ల మీద."

"కాదు తల్లీ. గాలి మీద."

అక్కడ మొదలైన మా కబుర్లు జూలైలో అందరం కలిసి కొలరాడో వెళ్ళేదాకా సాగాయి. అవే ఇక్కడ చెబుతున్నాను. ట్రైలరు ఉన్నవాళ్ళకి ఇవి ప్రాణాలకు సంబంధించిన సంగతులు. లేనివాళ్ళకి, మన కారు చక్రంలో రోజూ జరుగుతున్నదేమిటో తెలుస్తుంది.

మా చిన్నప్పుడు గుంటూరు జిల్లాలో మా ఊళ్ళో రెండు రకాల ఎడ్లబళ్ళు ఉండేవి. ఒకటి కర్ర చక్రాలకు ఇనప పట్టా వేసిన పాతకాలపు బండి. రెండోది టైరు బండి. వాన వెలిసిన మర్నాడు వడ్ల బస్తాలు ఇంటికి చేర్చాలంటే పట్టా బండి చేలోనే దిగబడేది. అదే ఎడ్లు, అవే బస్తాలు, టైరు బండి మాత్రం తాపీగా గట్టెక్కేది. పట్టా నేలను తాకేది సన్నటి గీతలా. బరువంతా ఆ గీత మీదే పడి నేలను కోసేస్తుంది. టైరు కాస్త నొక్కుకుని, అరచెయ్యి చాపినట్టు చాపుకుని నేలను తాకుతుంది. ఆ చాపుకునే గుణం రబ్బరుది అనుకుంటాం గానీ గాలిది. 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండ్ ఇంజనీరు గాలి చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. కాలం కలిసిరాక అది మరుగున పడింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం మళ్ళీ కనిపెట్టాడు. ఆయన వృత్తి పశువైద్యం. చివరికి ఆయన చక్రం మా ఊరి ఎడ్ల మెడల మీద భారం కూడా తగ్గించిందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషం.

"సరే గానీ, గాలి ఇంటినెలా మోస్తుంది? గాలి మెత్తగా ఉంటుంది కదా?" అని మనవరాలి ప్రశ్న. మంచి ప్రశ్న. చాలామంది అనుకున్నట్టు రిమ్ము కింది గాలి మీద దిండు మీద కూర్చున్నట్టు కూర్చోదు. ఉట్టిలో కుండ వేలాడినట్టు వేలాడుతుంది.

టైరు రబ్బరు మధ్యలో పాలియెస్టరు దారాలు ఉంటాయి. రిమ్ముకి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పక్కపక్కనే వందలకొద్దీ దారాలు. గాలి కొట్టగానే ఆ గాలి లోపలి నుంచి తోసి దారాలన్నిటినీ బిగలాగుతుంది. ఆ దారాలు మనుషుల్లా రిమ్మును అన్ని వైపులా సమానంగా లాగుతున్నాయన్నమాట. ఇప్పుడు బరువు పెట్టు. కింద, నేలను తాకే చోట టైరు నొక్కుకుని దారాల బిగువు సడలుతుంది. పైనున్న దారాల బిగువు సడలలేదు. కిందికి లాగేవాళ్ళు ఓడారు, పైకి లాగేవాళ్ళు నిలిచారు. ఆ తేడాయే ఇరుసును పైన నిలబెడుతుంది. ఉట్టి తాళ్ళు ఆ దారాలు, వాటిని బిగించి ఉంచేది గాలి. గాలి తగ్గితే తాళ్ళు వదులవుతాయి, కుండ కిందికి జారుతుంది.

చిన్న లెక్క చేయించాను. ఒక చక్రం మీద 1,500 పౌన్ల బరువు పడుతోంది. లోపలి గాలి ఒత్తిడి 50 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 50 పౌన్లు. 1,500ని 50తో భాగిస్తే 30 చదరపు అంగుళాలు. రబ్బరు గట్టిదనం వల్ల కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, టైరు నేలను తాకే మేర సుమారు అంతే. అయిదంగుళాలు పొడుగు, ఆరంగుళాలు వెడల్పు, ఒక చిన్న నోటుపుస్తకం అట్ట. నాలుగు చక్రాలకి నాలుగు అట్టలు. మూడు టన్నులు దాటిన ఇల్లు, అందులో పడుకునే నలుగురు మనుషుల సామాను, అంతా నాలుగు అట్టల మీద పరుగెడుతోంది.

తర్వాత టైరు మీది రాతలు చదివాం. 'ఎస్టీ 205/75 ఆర్ 14' అని ఉంది. ఎస్టీ అంటే ట్రైలరు కోసమే చేసిన టైరని గుర్తు. 205 మిల్లీమీటర్ల వెడల్పు, ఆ వెడల్పులో నూటికి 75 వంతుల ఎత్తు, రేడియల్ అల్లిక, 14 అంగుళాల రిమ్ము. ఇది ఒళ్ళు కొలత. దాని పక్కన ఒంటి అక్షరం ఒకటి ఉంది: లోడ్ రేంజ్ 'సి'. ఇది సత్తువ కొలత.

ఈ అక్షరాలకు ఒక పాత కథ ఉంది. ఒకప్పుడు టైరులో నూలు గుడ్డ పొరలు వేసేవారు. ఎన్ని పొరలుంటే అంత గట్టి టైరు. మన లారీల మీద ఇప్పటికీ 16 పీఆర్ అని కనిపిస్తుంది. పదహారు ప్లై టైరంటాడు డ్రైవరు. నూలు పోయి రేయాన్, నైలాన్, పాలియెస్టర్ వచ్చాక రెండు పొరలే ఆరు పొరల పని చేస్తున్నాయి. పొరల లెక్క పోయింది, పోలిక మిగిలింది. సి అంటే ఆరు పొరల సాటి, డి అంటే ఎనిమిది, ఇ అంటే పది. ఈ ట్రైలరు టైర్లలో సి మామూలుగా 50 పీఎస్ఐ దాకా గాలి పడుతుంది, డి 65 దాకా, ఇ 80 దాకా.

మా కొలత టైరు సి రకమైతే 50 పీఎస్ఐ దగ్గర 1,760 పౌన్లు మోస్తుంది. డి రకమైతే 65 దగ్గర 2,040 పౌన్లు. ఇక్కడ మనవరాలిని ఆపి అడిగాను: "డి టైరు కొని అందులో కూడా 50 పీఎస్ఐ గాలే పెట్టామనుకో. అప్పుడెంత మోస్తుంది?"

"డి గట్టిది కాబట్టి ఎక్కువే మోస్తుంది. ఓ 1,900?"

1,760. సరిగ్గా సి టైరు మోసినంతే. టైరు కంపెనీలు అచ్చువేసే పట్టికల్లో ఆ కొలతకి 50 దగ్గర ఒకే అంకె ఉంటుంది, సి అయినా డి అయినా. ఎక్కువ డబ్బు పోసి గట్టి టైరు కొని, పాత అలవాటు ప్రకారం పాత గాలే పెడితే మోత ఒక్క పౌను పెరగదు. మోసేది గాలి. అక్షరం చెప్పేది ఈ పాత్రలో ఎంత ఒత్తిడి గాలి పడుతుందనే. మనవరాలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను చెప్పిన కబుర్లన్నిట్లో ఒక్కటే గుర్తుంచుకోమంటే ఇది గుర్తుంచుకోమంటాను.

ట్రైలరు ఎడమ పక్క, బయట ముందు భాగంలో ఒక చీటీ అంటించి ఉంటుంది. ఏ టైరు, ఎంత గాలి, ఒక్కో ఇరుసు ఎంత మోయొచ్చు, మొత్తం బండి ఎంత ఉండొచ్చు, అన్నీ అందులో ఉంటాయి. మాది 2014లో తయారైన బండి. మొత్తం 7,000 పౌన్లు, రెండు ఇరుసులు, ఒక్కోటి 3,500. ఇరుసుకి రెండు టైర్లు, ఒక్కోటి 1,760. రెండు కలిపితే 3,520. ఇరుసు పరిమితికీ టైర్ల పరిమితికీ తేడా ఇరవై పౌన్లు! ఇక్కడి ఇండియన్ షాపులో కొనే సోనా మసూరి బియ్యం సంచీ ఒకటి ఇరవై పౌన్లు. ఒక్క బియ్యం సంచీ ఎడంతో, మనుషులు తిరిగే ఇంటిని రోడ్డెక్కించారన్నమాట.

ఇది మా బండి ఒక్కదాని సంగతి కాదు. ఆ రోజుల్లో చాలా ట్రైలర్లకు ఇలాగే వేసేవారు. బరువులో పదో వంతు పికప్ వెనక ట్రైలరుని తగిలించే హిచ్ మీద పడుతుంది కదా, చక్రాల మీద పడేది ఎలాగూ తక్కువే అని లెక్క. అమెరికాలో ట్రైలర్లు చాలా భాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారవుతాయి. 2017లో తయారీదారుల సంఘమైన ఆర్వీ ఇండస్ట్రీ అసోసియేషన్ తన సభ్యులకు నియమం పెట్టింది: టైర్ల మోత ఇరుసు పరిమితి కంటే కనీసం నూటికి పది ఎక్కువ ఉండాలని. ఆ లెక్కన మా ఇరుసుకి 3,850 కావాలి, ఉన్నది 3,520. నియమానికి ముందు తయారైన బండ్లు ఇంకా లక్షణంగా రోడ్ల మీద తిరుగుతున్నాయి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు మంచాలూ సోఫాలూ చూసే ముందు ఈ కూడిక ఒక్కటి వేసుకోవాలని నా కోరిక.

చీటీ చెప్పేది ఎంత ఉండొచ్చనే. ఎంత ఉందో చెప్పేది కాటా. అమెరికాలో లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే కాటాలు ఉంటాయి. అయోవా రాష్ట్రంలోని వాల్కాట్ కేంద్రంగా 1977 నుంచి నడుస్తున్న కంపెనీ. ఎవరైనా వెళ్ళి తూయించుకోవచ్చు. ప్రయాణానికి సర్దినట్టే అన్నీ సర్దుకుని వెళ్ళమన్నాను అల్లుడు గారిని. ఖాళీ బండిని తూస్తే వచ్చే అంకె దేనికీ పనికిరాదు. ట్యాంకులో నీళ్ళు గ్యాలనుకి ఎనిమిదిన్నర పౌన్లకి కాస్త తక్కువ, నలభై గ్యాలన్లంటే 330 పౌన్ల పైమాటే. గ్యాసు సిలిండర్లు, బ్యాటరీ, సైకిళ్ళు, మా అమ్మాయి ఇనప దోసె పెనం, ఆవకాయ జాడీ, వెట్ గ్రైండరు. మన వాళ్ళ ప్రయాణం సామాను సంగతి వేరే చెప్పాలా!

చక్రాల మీద 6,180 పౌన్లు వచ్చింది. ట్రైలరు విప్పేసి పికప్ ఒక్కదాన్నీ మళ్ళీ తూస్తే, ఆ తేడాని బట్టి హిచ్ మీద పడుతున్నది 780 అని తేలింది. మొత్తం 6,960. ఇక్కడ మళ్ళీ మా ఎడ్లబండి గుర్తొచ్చింది. బస్తాలు వెనక్కి జరిపి వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల మెడ పలుపులు బిగుసుకునేవి. మరీ ముందుకి వేస్తే మెడ మీద భారం. మా నాన్న ఒక బస్తాని జానెడు జరిపి, కాడి ఎత్తి చూసి, మళ్ళీ జరిపేవాడు. ట్రైలరుకీ అంతే. మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను పాళ్ళు ముందు హిచ్ మీద ఉండాలి. తక్కువైతే హైవే మీద వెనక ఇల్లు తోక ఆడించినట్టు ఊగుతుంది. మాకు పదకొండు పాళ్ళు ఉంది, బాగుంది.

6,180ని నాలుగుతో భాగిస్తే చక్రానికి 1,545. సి టైరు మోత 1,760 కదా, చాలదా అన్నారు అల్లుడు గారు. సగటు మీద చాలుతుంది. కానీ ఇల్లు సగటుగా ఉండదు. మా ట్రైలరులో వంట గట్టు, ఫ్రిజ్, గిన్నెల అలమారా అన్నీ ఒకే పక్క ఉన్నాయి. ఒక్కో ఇరుసుకి ఆ పక్క, అవతలి పక్క కంటే 200 పౌన్లు ఎక్కువ పడ్డా, అక్కడి చక్రం మీద 1,645 ఉంటుంది. క్యాట్ స్కేల్ ఇరుసుల బరువు చెబుతుంది గానీ కుడి ఎడమలు విడదీసి చెప్పదు. ఒక్కో చక్రాన్నీ విడిగా తూచే ఏర్పాటు టెక్సస్‌లోనే లివింగ్‌స్టన్‌లో ఎస్కేపీస్ ఆర్వీ క్లబ్ వాళ్ళ దగ్గర ఉంది. వీలున్నవాళ్ళు ఒక్కసారి అక్కడ తూయించుకుంటే పక్కల తేడా తెలిసిపోతుంది.

కాబట్టి డి టైర్లు వేయమన్నాను. ఇంకా గట్టివి వేస్తే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. అక్కడ కొంచెం నిదానించాలి. టైరు ఒక్కటే బండి కాదు. మా రిమ్ముల వెనక 1,870 పౌన్లని పోతపోసి ఉంది. టైరు 2,040 మోస్తానన్నా రిమ్ము 1,870 దగ్గర చేతులెత్తేస్తుంది. మా చక్రానికి నిజమైన పరిమితి అదే. అదైనా 1,645కి చాలినంత పైనే. రిమ్ము ఎంత గాలి ఒత్తిడి తట్టుకుంటుందో కూడా తయారీదారు లెక్క చూసుకోవాలి. గాలి కొట్టే వాల్వు సంగతి అసలు ఎవరికీ గుర్తుండదు. రిమ్ము రంధ్రంలో దూర్చే మామూలు రబ్బరు వాల్వు 65 పీఎస్ఐ దాకానే పనికొస్తుంది. దానితో ఇ టైరు వేసి 80 కొట్టడం సాహసం. డి టైర్లు వేయించేటప్పుడే మేము లోహపు వాల్వులు పెట్టించాం. ఇంకో మాట. చేతికి దొరికాయి కదా అని కారు టైర్లు ట్రైలరుకి వేసేవాళ్ళున్నారు. అలా వేస్తే దాని మీద రాసిన మోతని 1.10తో భాగించి తగ్గించుకోవాలని ఇక్కడి ప్రభుత్వ భద్రతా నియమం. ట్రైలరు పడే ఊపులూ ఒరిపిళ్ళూ కారు పడదు.

ఆ ఒరిపిడి మాకు మా వాకిట్లోనే కనిపించింది. రెండు ఇరుసుల బండిని మలుపులో తిప్పితే నాలుగు చక్రాలూ ఒకే కేంద్రం చుట్టూ తిరగలేవు. ముందు చక్రం ఒక పక్కకి, వెనక చక్రం ఇంకో పక్కకి ఒరుసుకుంటూ పోతాయి. ఇరుకు సందులో వెనక్కి తిప్పుతున్నప్పుడు చూడండి, టైరు కింది భాగం రిమ్ము కింది నుంచి పక్కకి మెలిపడి కనిపిస్తుంది. లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి జారాలని చూస్తాయి. గాలి నిండుగా ఉన్న టైరు ఆ మెలికని తట్టుకుంటుంది.

టైరుకి అసలు శత్రువు మేకు కాదు, వేడి. రబ్బరు బంతిని భుజం ఎత్తు నుంచి వదిలితే మళ్ళీ భుజం దాకా లేవదు. ఆ తగ్గిన ఎత్తు ఎక్కడికి పోయింది? చాలా వరకు బంతిలోనే వేడిగా మిగిలింది. రబ్బరుని నొక్కి వదిలిన ప్రతిసారీ అది మనమిచ్చిన శక్తిలో కొంత దాచుకుని వేడెక్కుతుంది. మా 14 అంగుళాల చక్రం మైలుకి దాదాపు 800 చుట్లు తిరుగుతుంది. గంటకు 60 మైళ్ళ వేగంలో సెకనుకి పదమూడు సార్లు టైరులోని ప్రతి ముక్కా నేల దగ్గర వంగి, మళ్ళీ సాగుతుంది. గంటలో 48 వేల సార్లు. గాలి తక్కువైతే ప్రతిసారీ ఇంకాస్త లోతుగా వంగుతుంది. పుట్టే వేడి పెరుగుతుంది, బయటికి పోయే వేడి పెరగదు. లోపల రబ్బరుకీ ఉక్కు తీగలకీ మధ్య అతుకు మెల్లగా వదులుతుంది. పైకి ఏమీ కనిపించదు. ఒక మధ్యాహ్నం టైరు పై పొర మొత్తం ఊడి గిరగిరా తిరుగుతూ చక్రం పైనున్న రేకునీ, నేల పలకనీ చీల్చేస్తుంది. మాకు తెలిసిన ఒక కుటుంబానికి విచిటా ఫాల్స్ దాటాక ఇదే జరిగింది. మనుషులకేమీ కాలేదు. నాలుగు గంటలు ఎండలో రోడ్డు పక్కన చిన్నపిల్లలతో కూర్చున్నారు.

టైరు మామూలుగా ఉండాల్సిన ఒత్తిడిలో నూటికి ఎనభై పాళ్ళ కంటే తక్కువతో పరిగెత్తితే, అది గాలిలేని టైరు మీద నడిపినట్టే లెక్క, విప్పి లోపల పరీక్షించాలి అని టైరు పరిశ్రమ మాట. 65కి 80 పాళ్ళంటే 52. కంటికి 52కీ 65కీ తేడా తెలియదు. టైరుని కాలితో తన్ని చూస్తే అసలే తెలియదు.

ఈ చిన్న తేడా ఎంత పనిచేస్తుందో అమెరికా 2000 సంవత్సరంలో నేర్చుకుంది. ఆ ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లోని కేహెచ్‌ఓయూ టీవీ స్టేషన్ ఒక కథనం ప్రసారం చేసింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పై పొరలు హైవే మీద ఊడిపోయి బండ్లు బోల్తా పడుతున్నాయని. ఆగస్టులో 65 లక్షల టైర్లు వెనక్కి పిలిపించారు. ఆ ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం 271. బండి కంపెనీ 26 పీఎస్ఐ చాలని చెప్పింది, టైరు కంపెనీ 30 ఉండాలంది, తప్పు నీదంటే నీదనుకున్నారు. అతుకు బలహీనత, తక్కువ గాలి, ఎండ, వేగం, బరువు అన్నీ కలిస్తే జరిగిన ఘోరం అది. ఆ నవంబరులో ట్రెడ్ యాక్ట్ అనే చట్టం వచ్చింది. దాని ఫలమే కార్లలో గాలి తగ్గితే వెలిగే పసుపు దీపం. 2008 మోడల్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు.

ట్రైలర్లకి మాత్రం ఆ దీపం తప్పనిసరి కాదు. ఇది నాకు మింగుడుపడదు. కారులో టైరు గాలి పోతే స్టీరింగే చెబుతుంది. ఇరవై అడుగుల వెనక ట్రైలరు చక్రం చదునైపోయినా పికప్ నడిపేవాడికి తెలియకపోవచ్చు. పొగ చూసి పక్కవాళ్ళు హారను కొడితే తెలుస్తుంది. వాల్వు మూత బదులు బిగించే చిన్న సెన్సర్లు బజారులో దొరుకుతాయి, ఒత్తిడీ వేడీ రెండూ డ్రైవరు ముందున్న చిన్న తెర మీద చూపిస్తాయి. మేము కొన్న మొదటి వస్తువు అదే.

వేగం గురించి ఒక్క మాట. వేగపు అక్షరం లేని ఎస్టీ టైరు గంటకు 65 మైళ్ళకే ఉద్దేశించింది. టెక్సస్ రోడ్ల మీద 75 అని బోర్డు ఉండొచ్చు, అది రోడ్డు పరిమితి, మన టైరుది కాదు. కొత్త టైర్ల మీద ఎల్ అనో ఎమ్ అనో ఉంటే 75, 81 దాకా అనుమతి. అయినా మేము 62 దాటలేదు.

అలాగే టైరు పుట్టిన రోజు. పక్కన డీఓటీ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. ట్రైలరు టైరు అరిగి చావదు, ముసలిదై చస్తుంది. ఏడాదిలో పది నెలలు ఎండలో ఒకేచోట నిలబడే బండి కదా. లోతు గీతలు కొత్తగానే ఉంటాయి, పక్కన వెంట్రుకవాసి పగుళ్ళు మొదలవుతాయి. మా బండికి ఉన్న స్టెప్నీ బండితోపాటే పుట్టింది, 2014ది. దాన్ని కూడా మార్చమంటే అల్లుడు గారు వెంటనే ఒప్పుకున్నారు.

ఇక గాలి ఎంత పెట్టాలి? చీటీ మీది అంకె కంటే ఎప్పుడూ తక్కువ వద్దు. మా చీటీ పాత సి టైరుది, 50 అంటుంది. డి టైరు 65 దాకా తీసుకుంటుంది. మా బరువుకి పట్టిక చూస్తే 50 కూడా చాలు. అయినా మేము 65 పెట్టాం. టెక్సస్ ఎండ, రెండు ఇరుసుల మెలిక, కుడి ఎడమల తేడా, ఈ మూడిటికీ నిండు గాలే నాకు నచ్చింది. ఒకవేళ ఇ టైర్లే వేసి ఉంటే, ఇంత తక్కువ బరువుకి 80 కొట్టమని మాత్రం అనేవాణ్ణి కాదు. అలమారాల మేకులు ఊడేలా కుదుపుతుంది, టైరు మధ్యభాగమే అరుగుతుంది.

గాలి చూడాల్సింది పొద్దున్నే, బండి కదలకముందు. కనీసం మూడు గంటలు కదలకుండా, ఎండ తగలకుండా ఉండాలి. ప్రయాణం మధ్యలో చూస్తే 65 పెట్టింది 73, 74 కనిపిస్తుంది. కంగారుపడి గాలి వదలకూడదు. వేడికి ఒత్తిడి పెరుగుతుందని తెలిసే టైరు చేశారు. అప్పుడు వదిలితే చల్లారాక తక్కువవుతుంది, తక్కువైతే మళ్ళీ ఇంకా వేడెక్కుతుంది.

బయలుదేరే రోజు పొద్దున ఫ్రిస్కోలో 90 డిగ్రీల ఫారన్‌హీట్. నాలుగు చక్రాల్లోనూ సరిగ్గా 65 పెట్టి, మనవరాలికి ఒక లెక్క ఇచ్చాను. మనం వెళ్ళే గ్రేట్ శాండ్ డ్యూన్స్ దగ్గర క్యాంపు 8,200 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ తెల్లవారుజామున 50 డిగ్రీలు ఉంటుందనుకుందాం. ఒక్క ఊపిరి గాలి కూడా బయటికి పోకపోతే గేజి ఎంత చూపిస్తుంది?

గేజి చెప్పేది పూర్తి నిజం కాదు, తేడా మాత్రమే. లోపలి గాలి తోపులో నుంచి బయటి గాలి తోపు తీసేసి చూపిస్తుంది. ఫ్రిస్కోలో బయటి గాలి చదరపు అంగుళానికి సుమారు 14.3 పౌన్లు తోస్తుంది. అంటే లోపల అసలు ఒత్తిడి 79.3. గాలి ఒత్తిడి వేడిని బట్టి మారుతుందని మూడు వందల ఏళ్ళ క్రితం ఫ్రాన్సులో గియోమ్ అమొంతోన్ గమనించాడు. ఆ లెక్క పరమ శూన్యం నుంచి కొలిచిన వేడితో చెయ్యాలి. ఫారన్‌హీట్ డిగ్రీలకు 460 కలిపితే సరి. 90 కాస్తా 550 అయింది, 50 కాస్తా 510. చలికి 79.3 తగ్గి 73.5 అవుతుంది. కొండ మీద బయటి గాలి పల్చన, 10.8 మాత్రమే తోస్తుంది. 73.5లో 10.8 పోతే 62.7.

"చలి దాదాపు ఆరు తగ్గిస్తే, ఎత్తు మూడున్నర తిరిగి ఇచ్చింది!" అని అరిచింది. 62.7 అని నోటుపుస్తకంలో రాసి చుట్టూ గీత గీసింది.

287 రోడ్డు పట్టుకుని అమరిల్లో, పాలో డ్యూరో లోయలో ఒక రాత్రి. తర్వాత రాటన్ కనుమ, 7,834 అడుగులు. లా వేటా కనుమ ఇంకా ఎత్తు. అది దిగితే, మంచు కొండల పాదాల దగ్గర ఎవరో కుప్పపోసినట్టు ఇసుక దిబ్బలు. ఉత్తర అమెరికాలోకెల్లా ఎత్తయినవి. పిల్లలు రెండు రోజులు ఆ ఇసుకలో జారారు. నేను ఒక దిబ్బ సగం ఎక్కి కూర్చున్నాను.

తిరుగు ప్రయాణం రోజు తెల్లవారుజామున మనవరాలే నన్ను లేపింది. స్వెట్టరు వేసుకుని, చేతిలో గేజి, నోటుపుస్తకం. థర్మామీటరు 51 చూపిస్తోంది. మొదటి చక్రం 63. రెండోది 62.5. మూడోది 63. ఆ అంకెలు ఒక్కోటీ చెబుతున్నప్పుడు దాని గొంతు చూడాలి. నాలుగోది, వంటగది పక్క వెనక చక్రం, 60.

అల్లుడు గారు వచ్చి, "చలికి తగ్గి ఉంటుందిలే మామయ్య గారూ, దారిలో వేడెక్కితే అదే పెరుగుతుంది," అన్నారు.

"కాదు నాన్నా. చలికి తగ్గాల్సింది ఇంతే," అని మనవరాలు 62.7 చూపించింది. "మిగతా మూడూ ఇంతే ఉన్నాయి. దీన్లో రెండున్నర ఎక్కువ తగ్గింది. చలి ఒక్క చక్రానికే వెయ్యదు కదా?"

మా ఊరి సైకిలు షాపులో పంక్చరు వెతకడానికి ట్యూబుని నీళ్ళ పళ్ళెంలో ముంచేవారు. ఇక్కడ పళ్ళెం లేదు. గిన్నెలు తోమే సబ్బుని చెంచాలో కలిపి వాల్వు మీద ఒక చుక్క వేశాను. టార్చి వెలుగులో నలుగురం వంగి చూస్తున్నాం. వాల్వు మధ్యలో ఆవగింజంత బుడగ పుట్టి, మెల్లగా శనగగింజంత అయ్యి, పేలింది. ఇంకోటి మొదలైంది. లోపలి పిన్ను పావు చుట్టు బిగించి మళ్ళీ సబ్బు వేశాం. మనవరాలు ఇరవై దాకా లెక్కపెట్టింది. బుడగ రాలేదు.

"65 దాకా కొట్టనా?" అన్నారు అల్లుడు గారు, కంప్రెసరు తీస్తూ.

"63 చాలు నాన్నా," అంది. "ఇంటికెళ్ళేసరికి అదే 65 అవుతుంది."